ముట్టుకుంటే వేడి

ఐదింటి దాకా ఉంటానంది. ఇప్పుడు నాలుగూ ఐదు. బస్సు కదలడం లేదు. ఒళ్ళో పనిముట్ల సంచీ, సంచీలో డ్రిల్లు ఇంకా చల్లారలేదు, తొడకి వెచ్చగా తగులుతోంది. వేడి అన్న మాట తలుచుకుంటేనే ఒళ్ళు చచ్చిపోతోంది నాకు, సంచీ పక్కకి జరుపుదామంటే పక్కన ఒకావిడ కూర్చుంది, జరిపే చోటు లేదు. బస్సెక్కి ఎన్నాళ్ళయిందో. బండిని సర్వీసింగుకి ఇవాళే ఇచ్చాను, రోజు చూసుకుని మరీ ఇచ్చినట్టుంది. సిగ్నల్ దగ్గర మా ముందు ఇరవై బళ్ళూ, ఒక చెత్త లారీ. ఐదింటి దాకా ఉంటాను, తర్వాత అక్క వాళ్ళింటికి వెళ్ళిపోతాను, ఫోన్ చెయ్యకండి, చేసినా ఎత్తను, ఇంటికొచ్చి నా మొహం చూసి అడగండి. ఇదంతా నాతో అనలేదు. గోడకున్న ప్లగ్గుతో అంది. నేను ఊరికి ఆ చివర పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రిలో నిచ్చెన మీద నిలబడి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, నా పెళ్ళాం ప్లగ్గుతో చెప్పుకున్న మాటలు విన్నాను. నిచ్చెన మీదే ఆగిపోయాను. డాక్టరుగారు చూసి, ఏమైందండీ, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అన్నాడు. నాకే అన్నాను. పాపం, కుర్చీ చూపించి మంచినీళ్ళు కూడా తెప్పించాడు.

చొక్కా జేబులో ఫోనుంది. ఫోన్లో మా హాలుంది. బొటనవేలితో రెండు సార్లు నొక్కితే చాలు, ఆవిడ ఇంట్లో ఉందో, వెళ్ళిపోయిందో తెలిసిపోతుంది. నొక్కకూడదు. ఇవాళ ఒక్కరోజు నొక్కకుండా ఉండలేనా, మనిషి పుట్టుక పుట్టాక ఆ మాత్రం ఉండలేనా? పదహారేళ్ళ బట్టి కెమెరాలు పెట్టడమే నా పని. చొక్కా వెనక పెద్ద అక్షరాలతో అచ్చేయించుకున్నాను, మీ ఇంటిపై మా కన్ను అని. వీధిలో పిల్లలు కెమెరా బాబాయ్ అంటారు. మా ఇంట్లో నాలుగున్నాయి, వీధి గుమ్మం, హాలు, వంటిల్లు, వెనక వసారా. కొనే వాళ్ళు నమ్మొద్దూ, మీ ఇంట్లో పెట్టుకున్నారా అని అడుగుతారు, వెంటనే ఫోన్ తీసి మా హాలు చూపిస్తాను, అదిగో చూడండి ఎంత స్పష్టంగా ఉందో, మా ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు మీద గీత కూడా కనబడుతోంది. ఇప్పుడు లెక్కేసుకుంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఎంతమంది మా ఆవిణ్ణి కాఫీ తాగుతుండగా చూశారో. ఛీ. ఒక్కసారైనా తోచలేదు నాకు. గ్లాసు మీద గీత చూపించాను గానీ, గ్లాసు పట్టుకున్న మనిషిని చూపిస్తున్నానని తోచలేదు.

కెమెరా లేనిది ఒక్క కుట్టు మిషను గదికే. బట్టల కొలతలివ్వడానికి ఆడవాళ్ళు వస్తారు, అక్కడ పెట్టకూడదని నేనే అన్నాను, ఆ మాత్రం నీతి ఉందండోయ్ నాకు అని దుకాణంలో గొప్పలు కూడా చెప్పుకున్నాను. రెండు నెలల బట్టి రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఆవిడ హాలు దాటి ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటోంది. మూడుంబావుకి వస్తోంది, మొహం కడుక్కుంటోంది. కొలతలకి ఎవరూ రాని రోజు కూడా. మూసిన తలుపు నాకు పడదు, అది నా జబ్బు. తలుపు అవతల ఏముందో తెలిసేదాకా అన్నం సయించదు. అనుమానం పెనుభూతం అంటారు, భూతమైతే వేపమండతో పోయేదేమో, ఇది చేతిలో స్క్రూడ్రైవరున్న భూతం. దుకాణంలో ఒక అడాప్టరు ఉంది, చూడ్డానికి మామూలు ఫోన్ చార్జరులాగే ఉంటుంది, లోపల మైకు. కళ్ళజోడాయన ఒకడు కొనుక్కెళ్ళి మూడో రోజున తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. ఏమండీ, పని చెయ్యట్లేదా అన్నాను. బాగా పని చేస్తోందండీ, మా ఆవిడ మూడు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు, మా ఇంట్లో ఆవిడకి మాట్లాడే మనిషి లేడని తెలిసింది అన్నాడు. ఆయన మెట్లు దిగాక నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు ఎంత తవ్వినా దొరకడం లేదు. వారం తిరక్కుండా అదే అడాప్టరు, ఆయన చెయ్యి పడ్డదే, తీసుకెళ్ళి మిషను గదిలో పెట్టాను.

పెట్టినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. ఆ గదిలో సాకెట్టు పాతది, అడాప్టరు వదులుగా ఊగుతోంది. ఊగితే నేను చూడలేను. చుట్టూ నల్ల టేపు వేశాను, వేసి, అలవాటు కొద్దీ టేపు చివర గోరంత మడత పెట్టాను. అందరూ టేపు తెంపి అంటించేస్తారు. నేను మాత్రం కొస మడుస్తాను, రేపు విప్పేవాడు గోళ్ళతో గీక్కోకుండా ఒక్క లాగుకి వచ్చేయాలని. మా గురువు నేర్పిన పద్ధతి. దొంగతనానికి వెళ్ళి ఇల్లు ఊడ్చి ముగ్గేసి వచ్చే రకం నేను. బుద్ధి గడ్డి తిన్నా చేతులు మాత్రం పని శుభ్రంగా చేసుకుపోయాయి.

బస్సు కదిలింది. రెండు గజాలు. మళ్ళీ ఆగింది. నాలుగూ పదమూడు. మొదటి వారం దుకాణంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సరుకు పరీక్ష చేస్తున్నట్టు నటిస్తూ విన్నాను. అంతా మిషను చప్పుడు. కాసేపు చప్పుడు ఆగుతుంది, మెల్లగా గొంతు వినబడుతుంది, మాటలు తెలియవు, మళ్ళీ చప్పుడు. ఒకసారి నవ్వింది. బతిమాలుతున్నట్టుంది గొంతు, మెత్తగా, ఒక్కొక్క మాటా తూచి వేస్తున్నట్టు. అది నాతో మాట్లాడే గొంతు కాదనుకున్నాను. ఎవడితోనో ఫోన్లో మాట్లాడుతోంది, మిషను తొక్కేది చప్పుడు కోసమే, నాకు తెలియకపోతే కదా, ఇలాంటి ఎత్తులు నేనే పదిమందికి నేర్పాను. మూడు రాత్రులు ఆవిడ పక్కన పడుకుని ఆవిడ ఊపిరి లెక్కపెట్టాను. పెళ్ళై ఇరవై రెండేళ్ళు. తొమ్మిదో రోజున చప్పుడు వేరు చేసే సాఫ్ట్‌వేరు తెప్పించుకుని, మిషనుని తీసేసి, గొంతు ఒక్కటే ఉంచి విన్నాను.

ఏమండీ, ఒక్క మాట. కోప్పడకండి. హాల్లో కెమెరా తీసేద్దామా?

అంతే. అదే మాట. మిషను చప్పుడు. మళ్ళీ ఇంకోలా, నవ్వుతూ, ఏమండోయ్, ఆ హాల్లో కెమెరా ఇంకెక్కడైనా పెట్టుకోకూడదూ? బాగోలేదనుకుంది కాబోలు, మళ్ళీ మిషను. అక్కయ్య వచ్చినప్పుడు ఇబ్బంది పడుతోందండీ, అందుకని. అబద్ధం అతకలేదు. ఇంకోసారి. ఇంకోసారి. పదకొండు రకాలుగా అంది ఆ ఒక్క రోజే. ఆ ఫోన్ అవతల ఎవడూ లేడు. అసలు ఫోనే లేదు. ఒక సారి నా వంతు కూడా తనే అంది. నా దగ్గు దగ్గింది ముందు, నేను మాట మొదలుపెట్టే ముందు దగ్గుతానని నాకు అప్పటిదాకా తెలియదు. దగ్గి, నా గొంతుతో అంది, "ఎందుకూ? తప్పు చెయ్యనివాళ్ళకి కెమెరా అంటే భయమెందుకే?" దుకాణంలో రోజుకి పది సార్లు చెప్పే మాట అది. ముక్కుతో అనే తీరు కూడా దింపేసింది. దానికి తన జవాబేమిటా అని ఊపిరి బిగబట్టి విన్నాను. మిషను తొక్కడం మొదలుపెట్టింది. చాలాసేపు తొక్కింది. ఇంకోరోజు అంది, మన ఇంట్లో నేనెప్పుడూ ఎవరో చుట్టాలొచ్చినట్టే ఉంటున్నానండీ, ఒక్కదాన్నే ఉన్నా కాళ్ళు చాపుకోవడానికి భయం. అది బాగా కుదిరిందనుకున్నట్టుంది, మూడు సార్లు అనుకుంది.

పాడేది. ఆ సంగతి బస్సులో కూర్చుంటే ఇప్పుడు గుర్తొస్తోంది. గిన్నెలు కడుగుతూ పాడేది, ఏ పాటా పూర్తిగా రాదు, సగం దగ్గర ఇంకో పాటలోకి దూకేది, నేను ఆటపట్టించేవాణ్ణి, నీ పాట సిటీ బస్సులా ఉందే, ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలియదు అని. వంటింట్లో కెమెరా పెట్టి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా పాట లేదు. నాలుగు కెమెరాల్లో రాత్రీ పగలూ రికార్డవుతోంది, ఆగిపోయిన పాట మాత్రం నాకు కనబడలేదు.

ఇంతవరకూ చెప్పుకున్నది సగం సిగ్గు. మిగతా సగం చెప్పుకుంటే తల కొట్టేసినట్టుంటుంది. మాటలు తెలిశాక ఏం చేశాను? ఆ సాయంత్రమే వెళ్ళి, ఇదిగో, హాల్లో కెమెరా తీసేస్తున్నానే అని ఒక్క మాట అనుంటే అయిపోయేది. అనలేదు. అంటే నీకెలా తెలుసంటుంది. అందుకే అనలేదని నాకు నేను చెప్పుకున్నాను, అది కూడా పూర్తి నిజం కాదు. ఐదు రోజులు కాచుకుని కూర్చున్నాను, ఎప్పుడంటుందా, ఎలా అంటుందా అని. సాయంత్రం మంచినీళ్ళు తెచ్చి పక్కన నిలబడేది. గ్లాసు అందుకుంటూ నేను దగ్గేవాణ్ణి. ఏమిటి అనేవాణ్ణి, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని. ఏం లేదండీ అనేది. వెళ్ళిపోయేది. పదకొండు రకాలుగా వచ్చిన మాట నా ముందు ఒక్క రకంగా కూడా రాలేదు. అందులో నాకొక రుచి ఉంది. ఒప్పుకోవాలి, ఇక్కడ ఎవరూ వినడం లేదు కదా. ఆవిడ లోపల ఏముందో నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకి తెలియదు, ఆ తెలియకపోవడాన్ని చూస్తూ మంచినీళ్ళు తాగాను. కంచే చేను మేయడం అంటే ఇదే.

"మీరు కెమెరాలు పెడతారాండీ?" పక్కావిడ అడిగింది. చొక్కా వెనకది ఎక్కేటప్పుడే చదివినట్టుంది. అవునన్నాను. ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద కాస్త అనుమానంగా ఉంది. కనబడకుండా పెట్టేవేమైనా ఉన్నాయా?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చొక్కా జేబు తడుముకున్నాను. ఉన్నాయండీ, గడియారంలో ఉంటుంది, పెన్నులో ఉంటుంది, చార్జర్లో ఉంటుంది అని నా నోరు దానంతటది చెప్పేస్తుంటే నేను వింటున్నాను. "మరి తెలిసిపోదా వాళ్ళకి?" తెలిసిపోతుందండీ అన్నాను. ఎలా అంది. చెప్పాను. దుకాణంలో వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఊరికే చెప్పే చిట్కాలు, పుణ్యం చేసుకున్నట్టుంటుందని. కొత్త గదిలో దిగితే దీపాలార్పి టార్చి వేసి చూడండి, గాజు కన్నుంటే తళుక్కుమంటుంది. ఫోనుకి మీ పుట్టినరోజు తాళంగా పెట్టుకోకండి, ఊరందరికీ తెలిసిందే కదా. ఏమీ తగిలించకుండా ఉత్తినే ప్లగ్గులో ఉన్న చార్జరు చల్లగా ఉండాలి, చేతి వెనకవైపుతో ముట్టుకోండి, పిల్లలకి జ్వరం చూసినట్టు. వేడిగా ఉందంటే లోపల ఎవరో మేలుకుని ఉన్నారని లెక్క. "భలే ఉందే," అందావిడ. మా ఆవిడ భోజనం డబ్బా తెచ్చినప్పుడల్లా దుకాణంలో మూల స్టూలు మీద కూర్చుని ఇవన్నీ వినేది. వినడం లేదనుకునేవాణ్ణి.

ఇవాళ రెండున్నర రికార్డింగు పని మధ్యలో మూడున్నరకి గానీ వినలేదు, అందులో మిషను చప్పుడు లేదు. కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత చాలా దగ్గరగా, నా చెవిలోనే అన్నట్టుగా ఆవిడ గొంతు. "ఇది వేడిగా ఉంది." ఆగింది. "నాలుగు రోజుల కిందటే చూశాను. ముందు ఎవరో అనుకున్నాను. టేపు చివర మడత చూశాను. లోకంలో అలా మడత పెట్టేది మీరొక్కరే." నిచ్చెన మీద నా చెయ్యి గోడకి అంటుకుపోయింది. "నాలుగు రోజుల బట్టీ, మీకు తెలుసని తెలిసి కూడా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చానండీ. మీరు అంటారేమోనని. మీరు ఏమిటీ అన్నారు." ఇక్కడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఐదింటి సంగతి చెప్పింది, గొంతు మామూలుగా, పాలవాడికి రేపు రావద్దని చెప్పినట్టు.

నాలుగు రోజులు. అంటే గ్లాసు ఇస్తూ నిలబడినప్పుడు నేను ఆవిణ్ణి చూశాననుకున్నాను, ఆవిడే నన్ను చూసింది. ఆ ఎరగని మొహాన్ని, ఆ దగ్గుని. బస్సు కదిలింది, ఈసారి గట్టిగానే, పక్కావిడ దిగిపోయింది, దిగుతూ చేతి వెనకవైపు నాకు చూపించి నవ్వింది. నాలుగూ ఇరవై. వెళ్ళిపోయి ఉంటుందా? ఐదింటి దాకా ఉంటానంటే ఉంటుంది, మాట తప్పే మనిషి కాదు. కానీ కోపమొచ్చి, లేకపోతే వాళ్ళక్క ఫోన్ చేసి రమ్మనుంటే? ఒక్కసారి చూస్తే ఏమవుతుంది. ఉంటే ఉంది, లేకపోతే తిన్నగా వదిన వాళ్ళింటికే వెళ్తాను, రెండు బస్సులు మారేపని తప్పుతుంది. చూడ్డం కూడా ఆవిడ కోసమే. ఇలాంటి కారణాలు నాకు బాగా దొరుకుతాయి, జేబునిండా ఉంటాయి. నొక్కాను.

ఉంది. గుమ్మం పక్కన నీలం సంచీ. హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఒకదాన్లో కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్ళో, పాదాలు రెండూ జతగా నేల మీద. ఇంటికి పిలవని చుట్టం కూర్చున్నట్టు. అమ్మయ్య అని ఫోన్ జేబులో పెట్టేయొచ్చు కదా. పెట్టలేదు. ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం. జుట్టు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. ఈగ ఏదో వాలింది, చెంప గోక్కోబోయి చెయ్యి ఆపుకుంది. ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న హాలే, ఈ చెయ్యి ఆపుకోవడం ఎప్పుడూ చూడలేదు. నా కళ్ళు మండాయి, తెర మసకబారింది, తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంత అర్థమవుతూ కూడా చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి తలెత్తి తిన్నగా కెమెరాలోకి చూసింది, మళ్ళీ తల దించుకుంది. మా స్టాపు వచ్చేసింది, సంచీ భుజాన వేసుకుని ఫోన్ జేబులో పడేసి దూకినట్టే దిగాను.

తాళంచెవి ఉన్నా తలుపు కొట్టాను. తీసింది. నాలుగూ నలభై. కూర్చోమన్నట్టు కుర్చీ చూపించింది. కూర్చున్నాను. దగ్గు వచ్చింది, మింగేశాను. ఏదో చెప్పాలనుకున్నావు అన్నాను.

"చెప్తాను. ముందు నేనొకటి అడుగుతాను," అంది. "దారిలో నన్ను చూశారా?"

లేదన్నాను. నేను ఆలోచించి అన్నది కాదు, నోట్లో ఎప్పటినుంచో తయారుగా ఉన్నట్టుంది, బయటికొచ్చేసింది.

లేచింది. కోపంగా కాదు. దగ్గరికొచ్చి, కుడిచెయ్యి తిప్పి, వెనకవైపు నా చొక్కా జేబు మీద ఆనించింది. అలాగే ఉంచింది. జ్వరం చూసినట్టు. దాని కింద ఫోను, దాని కింద నేను. దూకే తొందరలో ఆపడం మర్చిపోయాను, జేబులో మా హాలు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ హాల్లో, పైనుంచి చూసేవాళ్ళకి, మొగుడి గుండె మీద చెయ్యి వేసి నిలబడ్డ భార్య కనబడుతూ ఉంటుంది. చూశాను అన్నాను. చెయ్యి పడ్డాక అన్నాను.

"లేదనకుండా ఉంటే కూర్చునేదాన్నండీ," అంది. సంచీ తీసుకుంది. ఎప్పుడు బయటికెళ్ళినా వెళ్ళొస్తానంటుంది, ఇవాళ ఏమీ అనలేదు. చెప్పుల చప్పుడు మెట్ల చివరిదాకా వినబడింది. వీధి గుమ్మం కెమెరాలో చూడలేదు. ఇప్పుడు చూడకపోతే ఎవడిక్కావాలి?

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఏడుపొచ్చింది. ఏడవబోయి పైకి చూశాను, మూలన ఎర్ర దీపం. ఆపుకున్నాను. తప్పు చేసినవాణ్ణి కదా, భయమేసింది. లేచి మిషను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. టేపు కొస పట్టుకుని లాగితే ఒక్క లాగుకే వచ్చింది. అడాప్టరు పీకేసి, ఆవిడ స్టూలు మీద కూర్చున్నాను. మిషను సూది కింద ఎవరిదో సగం కుట్టిన బట్ట ఉంది. ఇదిగో, ఒక్క మాట అన్నాను పైకే. బాగోలేదు. ఇదిగో, కోప్పడకు, ఒక్క మాట. అదీ బాగోలేదు. దగ్గాను. దగ్గకుండా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.